ఆముదం తాగే ఇంజన్లు

మిథనాల్ అనే ఆల్కహాల్‌లో ఆముదం కలుస్తుంది. పల్లినూనె కలవదు, నువ్వులనూనె కలవదు, స్కూటర్‌కి పోసే ఇంజనాయిల్ అసలే కలవదు. ఎంత ఊపినా కాసేపటికి విడిపోయి దేని దారిన అది నిలబడుతుంది. ఆముదం మాత్రం ఆనవాలు లేకుండా కరిగిపోయి లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. ఈ ఒక్క గుణం వల్లే మా పాలమూరు చెల్కల్లో పండే గింజకూ, నేను కాలేజీ రోజుల్లో మనసు పారేసుకున్న బుల్లి విమానాల ఇంజన్లకూ చుట్టరికం కలిసింది. మిథనాల్‌తో నడిచే ఆ ఇంజన్లకు కందెన నూనె కూడా ఇంధనంలోనే కలిపి పోయాలి మరి.

డిగ్రీ చదవడానికి 1990ల మొదట్లో సికింద్రాబాద్ వచ్చాను. ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరితే విమానాలు తయారుచేయడం నేర్పుతారని సీనియర్ ఒకాయన చెబితే చేరాను. పొద్దున్నే కవాతు, తర్వాత క్లాసు, ఆ తర్వాత షెడ్డు. షెడ్డు తలుపు తీయగానే మూడు వాసనలు కలిసి వచ్చేవి: బాల్సా చెక్క, రెక్కల కాగితానికి పూసే డోపు, కాలిన ఆముదం. మొదటి రెండూ నాకు కొత్త. మూడోది ఇంటి వాసన.

మా ఊళ్ళో వానాకాలం పంట అంటే ఆముదాలు, జొన్న, కంది. బావి కింద పొలం ఉన్నవాళ్ళకు వరి. మిగతావాళ్ళందరికీ ఎర్ర చెల్కలే. గెలలు కోసి కళ్ళంలో ఎండబోసి, గింజ అమ్మగా మిగిలినది నాయనమ్మ వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలిన నూనె తీసి సీసాలకెత్తేది. పసిపిల్లల మాడుకు అదే, బాలింతకు అదే, ఎడ్లబండి ఇరుసుకూ అదే. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా ఇంజన్ల సంగతి చెబితే నమ్మలేదు.

"ఇమానం సుత ఆముదం తాగుతదా బిడ్డా?"

"మేము నడిపే చిన్నయి తాగుతయి నాయనమ్మా. అయిదు పాళ్ళల్ల ఒక పాలు ఆముదమే."

తిరిగి వచ్చేటప్పుడు సంచిలో ఒక సీసా పెట్టింది, ఇమానానికి పొయ్యమని. దాన్ని మా సార్‌కి చూపించాను. ఆయన మూత తీసి వాసన చూసి, వేలి మీద రాసుకుని చూసి, "ఇది నీళ్ళలో కాచిన వంటాముదంరా అబ్బాయ్. ఎంత వడకట్టినా తేమ ఉంటుంది. మిథనాల్ అసలే గాలిలోంచి నీళ్ళు లాక్కునే రకం. దానికి మనం ఇంకా ఇవ్వకూడదు. మనకు కావలసింది పచ్చి గింజ నుంచి చల్లగా పిండి, శుభ్రం చేసిన ఆముదం, మందుల షాపులో దొరికేది" అన్నారు. ఆ సీసా మాత్రం తిరిగివ్వలేదు. మీ నాయనమ్మగారిని అడిగానని చెప్పు, నా తలకు రాసుకుంటాను అన్నారు. ఆ మాట చేరవేసినప్పుడు నాయనమ్మ ముఖంలో కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది.

ఆ సార్ ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజన్ ఫిట్టర్‌గా చేసి వచ్చినాయన. గోదావరి జిల్లా మనిషి. ఎంత కోపంలోనూ మాట పెళుసుగా వచ్చేది కాదు. ఆముదం గురించి ఆయన చెప్పిన ఒక విషయం నాకు చాలా నచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి గ్నోమ్, ల రోన్ రోటరీ ఇంజన్లకు కూడా ఆముదమే పోసేవారట. ఆ ఇంజన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటే గిరగిరా తిరిగేవి, పెట్రోలు గాలీ కలిసి క్రాంక్‌కేస్ అనే ఇంజన్ లోపలి గది గుండా వెళ్ళేవి. కాబట్టి పెట్రోల్‌లో తేలిగ్గా కరగని నూనె కావలసి వచ్చింది. మాకేమో మిథనాల్‌లో కరిగే నూనె కావాలి. ఒకరికి కరగదు కాబట్టి, ఇంకొకరికి కరుగుతుంది కాబట్టి, ఇద్దరికీ ఆముదమే దిక్కయింది.

షెడ్డులో రెండు రకాల ఇంజన్లుండేవి. ఒకటి కలకత్తాలో తయారైన అరోరా డీజిల్. ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపి పోయాలి. దానికి ప్లగ్గే లేదు. తల మీదున్న మర బిగించి, వదులు చేసి, కంప్రెషన్ సరిచేస్తూ మండించాలి. కంట్రోల్ లైన్ విమానాలకు అవే. పైలట్ మధ్యలో నిలబడి రెండు తీగలు పట్టుకుంటే విమానం చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. రెండోది గ్లో ఇంజన్, ఈ రోజుల్లో అందరూ నైట్రో ఇంజన్ అంటున్నది అదే. రేడియో విమానానికి పెట్టింది జపాన్ ఓఎస్ కంపెనీది, 40 సైజు. ఘనపు అంగుళంలో నూటికి 40 పాళ్ళు అని దానర్థం, మన లెక్కలో 6.5 సీసీ. అరచేతిలో పట్టేంత ఇంజను, 10 అంగుళాల ప్రొపెల్లర్‌ని నిమిషానికి 12,000 చుట్లు తిప్పేది. ఆ వేగంలో ప్రొపెల్లర్ కొస గంటకు 570 కిలోమీటర్లు దాటి పోతుంటుంది. లెక్క వేసి బోర్డు మీద రాసి చూపించాక సార్ మా వేళ్ళ వైపు చూశారు. ఆ తర్వాత మాలో ఎవరూ తిరిగే ప్రొపెల్లర్‌కి ఎదురుగా గానీ పక్కన దాని వరసలో గానీ నిలబడలేదు. ఇంధనాన్ని సరిచేసే నీడిల్ తిప్పాలన్నా వెనక నుంచే చెయ్యి పెట్టాలి.

గ్లో ప్లగ్గు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంజన్ అందమంతా అందులోనే ఉంది. ప్లగ్గు లోపల ప్లాటినం కలిసిన సన్నటి తీగచుట్ట ఉంటుంది. స్టార్ట్ చేసేటప్పుడు 1.5 వోల్టుల సెల్‌తో దాన్ని కాలుస్తాం. ఇంజన్ అందుకున్నాక సెల్ తీసేస్తాం. అయినా తీగ చల్లారదు. మిథనాల్ ఆవిరి ప్లాటినాన్ని తాకితే అక్కడ రసాయన చర్య జరిగి వేడి పుడుతుంది. దానికి కంప్రెషన్ వేడీ, అంతకుముందు మండిన మంట వేడీ తోడై, తీగ తనంతట తానే ఎర్రగా నిలుస్తుంది. స్పార్కు కోసం కాయిల్ లేదు, కండెన్సర్ లేదు, పాయింట్లు లేవు. 1947లో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్గును అమ్మకానికి తెచ్చేదాకా అక్కడి బుల్లి పెట్రోల్ విమానాలు ఆ బరువంతా, బ్యాటరీతో సహా, మోసుకుని ఎగిరేవి.

ఇగ్నైటర్లూ గట్రా మా దగ్గర లేవు. రెండు పెద్ద టార్చి సెల్స్ పక్కపక్కన పెట్టి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపి టేపు చుట్టేవాళ్ళం. అలా చేస్తే వోల్టేజీ 1.5 దగ్గరే ఉండి కరెంటు ఎక్కువ అందుతుంది. టార్చిలో వేసినట్టు ఒకదాని వెనక ఒకటి పెడితే 3 వోల్టులై తీగ క్షణంలో తెగిపోతుంది. ప్లగ్గు మాకు అపురూపం. కలకత్తాలోని ఇండియాస్ హాబీ సెంటర్‌కి డీడీ తీసి పంపి, పార్సిల్ కోసం ఎదురుచూడాలి. అందుకని కొత్త ప్లగ్గును సార్ మాకు ఇవ్వడం కూడా ఓ చిన్న పూజలా ఉండేది.

ఇక స్టార్ట్ చేయడం. ముందు ప్లగ్గు విప్పి, సెల్ తగిలించి, తీగ పూర్తిగా నారింజ రంగులో వెలుగుతోందా అని చేత్తో నీడ పట్టి చూడాలి. బిగించాక ట్యాంకు నింపాలి. నీడిల్ పూర్తిగా మూసి, రెండున్నర చుట్లు తెరవాలి. సెల్ ఇంకా తగిలించకుండానే కార్బురేటర్ నోటి మీద వేలు పెట్టి ప్రొపెల్లర్‌ని తిప్పితే గొట్టంలో ఇంధనం ముందుకు పాకడం కనిపిస్తుంది. అది కార్బురేటర్ చేరాక ఇంకో రెండు చుట్లు చాలు. అప్పుడు ప్రొపెల్లర్ నట్టు మరోసారి బిగించి, తోక వైపు ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకున్నాక, థ్రాటిల్ కాస్త తెరిచి సెల్ తగిలించాలి. ఇప్పుడు ప్రొపెల్లర్‌ని గట్టిగా పట్టుకుని నెమ్మదిగా కంప్రెషన్ మీదికి తెస్తే చేతికి లోపల్నుంచి ఒక తన్ను తగులుతుంది. సార్ దాన్ని బంప్ అనేవారు. బంప్ వచ్చిందంటే మంటా ఉంది, మందూ (అంటే ఇంధనం) ఉంది, ఇక తిప్పితే చాలు. సైకిల్ ట్యూబ్ చుట్టిన కర్రముక్కతో ఒక్క విసురు. రాకపోతే ప్రొపెల్లర్‌ని అదేపనిగా కొట్టడం ఆయనకు గిట్టేది కాదు. "బంప్ లేకుండా తిప్పితే చెయ్యి నొప్పి తప్ప ఏం రాదు. మంట లేదా, మందు లేదా, ముందది తేల్చు" అనేవారు.

మందు మరీ ఎక్కువైనా కష్టమే. ప్రొపెల్లర్ ఒకచోట రాయిలా ఆగిపోతుంది. పిస్టన్ పైన ద్రవం నిండింది, ద్రవం నలగదు. అక్కడ బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్గు తీసి, విమానాన్ని తలకిందులు చేసి, నాలుగు చుట్లు తిప్పి కక్కించాలి. ఇంకో జాగ్రత్త సార్ ప్రతిసారీ చెప్పేవారు: మిథనాల్ మంట పట్టపగలు కంటికి కనబడదు. ఒలికిన చోట గుడ్డతో తుడిచాకే సెల్ ముట్టుకోవాలి. అది విషం కూడా, లోపలికి పోతే చూపూ ప్రాణమూ రెండూ తీస్తుంది. డబ్బా ఎప్పుడూ ఆయన తాళంలోనే ఉండేది.

స్టార్ట్ చేయడం నెలలోపే అందరికీ వచ్చేసింది. ట్యూనింగ్ అలా రాలేదు.

సార్ మొదట్లో మమ్మల్ని నీడిల్ ముట్టనివ్వలేదు. విమానం వెనక వరసగా నిలబెట్టి కళ్ళు మూసుకోమనేవారు. ఫుల్ థ్రాటిల్‌లో ఇంజన్ నడుస్తుంటే తాను నీడిల్ తిప్పుతూ ఒక్కొక్కరినీ అడిగేవారు. ఇప్పుడేంటి? రిచ్ సార్. ఇప్పుడు? ఇంకా రిచ్చే. ఇప్పుడు? ఈ నీడిల్ ఇంధనం ఎంత పోవాలో కొలిచే సూది. ఎక్కువ తెరిస్తే ఇంధనం ఎక్కువై (రిచ్ అంటే అదే) ఇంజన్ ప్రతి చుట్టుకూ మండలేక చుట్టు విడిచి చుట్టు మండుతుంది. టూ స్ట్రోక్ ఇంజనే ఫోర్ స్ట్రోక్ గొంతుతో గుర్రుమంటుంది, వెనకాల తెల్లటి పొగ దట్టంగా వస్తుంది. నెమ్మదిగా మూస్తూ పోతే ఆ గురక మధ్యలో సన్నటి కూత తొంగిచూస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. ఇంకో రెండు టిక్కులు మూస్తే గురక పూర్తిగా పోయి కూత ఒక్కటే నిలుస్తుంది. అక్కడి నుంచి వేగం పెరుగుతూ శిఖరం చేరుతుంది. శిఖరం దాటి ఇంకా మూస్తే వేగం ఉన్నట్టే ఉంటుంది గానీ గొంతులో తడి పోతుంది, పొగ పలచబడుతుంది, కాసేపటికి ఇంజన్ మొరాయించి ఆగిపోతుంది. అది లీన్. ఇంధనంతో పాటే నూనె కూడా తగ్గింది కాబట్టి పిస్టన్ కాలుతుంది, ప్లగ్గు తీగ పోతుంది.

నెయ్యి కాచేటప్పుడు నాయనమ్మ గిన్నెలోకి చూసేది కాదు. చిటపట సద్దుమణిగి చప్పుడు మారగానే వచ్చి దించేది. కళ్ళు మూసుకుని ఆ వరసలో నిలబడ్డప్పుడు నాకు అదే గుర్తొచ్చి, ఇంజన్ గొంతు ఎక్కడ మారుతోందో వినగలిగాను. నేను "ఇప్పుడు సార్" అన్న చోటే ఆయన వేలు ఆగింది. ఆ తర్వాత నీడిల్ నా చేతికిచ్చారు.

ఇచ్చి, అసలు సంగతి చెప్పారు. శిఖరం దొరికింది కదా, ఇప్పుడు వెనక్కి రా. రెండు మూడు టిక్కులు తెరిచి, నిమిషానికి 300, 400 చుట్లు వదులుకో. నేల మీద నీకు బాగా వినిపించిన ఇంజన్ గాలిలో అలాగే ఉండదు. పైకెగిరాక ప్రొపెల్లర్ మీద బరువు తగ్గి ఇంజన్ ఇంకా వేగమందుకుంటుంది, మిశ్రమం పలచబడుతుంది. విమానం ముక్కు పైకెత్తితే ట్యాంకు ఇంజన్ కంటే కిందికి పోతుంది, ఇంధనం ఎదురెక్కాలి, ఇంకా పలచబడుతుంది. అందుకే ఎగరేసే ముందు విమానాన్ని ఎత్తి, ముక్కు ఆకాశం వైపు పెట్టి, కొన్ని సెకన్లు వినాలి. గొంతు కొంచెం పెరిగితే మంచిది. తగ్గితే ఇంకో రెండు టిక్కులు తెరవాల్సిందే. గొట్టాన్ని రెండు వేళ్ళతో ఒక్క క్షణం నొక్కి వదలడం ఇంకో పరీక్ష: నొక్కగానే వేగం పెరిగితే మిశ్రమం రిచ్ వైపు ఉన్నట్టు, పెరగకుండా కుంగితే అప్పటికే లీన్ అయినట్టు.

ఆ రెండు మూడు టిక్కులు తెరవడానికి కుర్రవాళ్ళకు ప్రాణం ఒప్పేది కాదు. అంత కూత కూస్తున్న దాన్ని గుర్రుమనిపించడమా? నాకు మాత్రం ఆ వెనక్కి వచ్చిన గొంతే ఇష్టం. గట్టిగా కూస్తూనే అడుగున ఎక్కడో చిన్న తడి ఉంటుంది. విమానం ఎగిరాక, దూరంగా చెట్ల మీద మలుపు తిరుగుతున్నప్పుడు ఆ తడి ఆరిపోయి గొంతు తేటగా మారడం వినిపిస్తుంది. నేల మీద విడిచిపెట్టింది అక్కడ తిరిగి అందుతుంది. రేడియో పట్టుకుని ఎగరేసింది ఎవరైనా, ఆ మలుపులో ఇంజన్ గొంతు సరిగ్గా మారినప్పుడు నీడిల్ పెట్టినవాడి ఒళ్ళు పులకరించేది.

నైట్రో ఇంజన్ అన్నాను గానీ, ఆ పేరు తెచ్చిన నైట్రో సంగతి ఇంకా చెప్పలేదు కదా. నిజానికి మా ఇంధనంలో చాలాకాలం నైట్రోమీథేన్ చుక్క కూడా లేదు. 80 పాళ్ళు మిథనాల్, 20 పాళ్ళు ఆముదం. అంతర్జాతీయ పోటీల్లో ఎఫ్ఏఐ (ప్రపంచ ఎయిర్ స్పోర్ట్స్ సమాఖ్య) ఇంధనం అన్నా అదే పాళ్ళు. నైట్రో దొరకడం కష్టం, దొరికితే ధర. తర్వాత ఎక్కడి నుంచో సార్ కొంచెం సంపాదించి నూటికి పది కలిపారు. నైట్రోమీథేన్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది, కాబట్టి అదే సిలిండర్‌లో ఎక్కువ ఇంధనం మండించవచ్చు, నీడిల్ కూడా ఎక్కువ తెరవాలి. బలం పెరిగిన సంగతి అలా ఉంచితే, నాకు ఆశ్చర్యం కలిగించింది ఐడిల్. అంతదాకా థ్రాటిల్ పూర్తిగా దించితే ఎప్పుడు ఆగుతుందో అని ఊపిరి బిగబట్టి వినేవాళ్ళం. పది పాళ్ళ నైట్రోతో అది కుదురుగా, నిబ్బరంగా తిరుగుతూ కూర్చుంది. మళ్ళీ థ్రాటిల్ తెరిస్తే తడబడకుండా లేచింది.

వాతావరణం సంగతి మైదానమే నేర్పింది. డిసెంబరు పొద్దున సికింద్రాబాద్ గాలి చల్లగా, చిక్కగా ఉంటుంది. అందులో ఆక్సిజన్ ఎక్కువ, దానికి తగ్గ ఇంధనం ఇవ్వాలి కాబట్టి నీడిల్ తెరవాలి. పొద్దెక్కేకొద్దీ టిక్కు టిక్కుగా మూసుకుంటూ రావాలి. మే నెలలో అయితే ఇంకా మూయాలి, కానీ ఇంజన్ వేడి కూడా ఎక్కువ కనుక చెవి మరింత పదునుగా పెట్టుకోవాలి. నిన్నటి సెట్టింగ్ అనే మాట సార్ దగ్గర చెల్లేది కాదు.

ఉద్యోగం నన్ను డాలస్ తీసుకెళ్ళింది. అక్కడి హాబీ షాపులో అడుగుపెట్టి, గోడ పొడవునా గాలన్ డబ్బాల్లో వరసగా పేర్చిన నైట్రో ఇంధనం చూసి చాలాసేపు నిలబడిపోయాను. పది పాళ్ళది, పదిహేను పాళ్ళది, కార్లకు ఇరవై, ముప్ఫై. ఆ పక్కనే ప్లేనోలో అప్పట్లో ట్రాక్సస్ కంపెనీ ఉండేది, రేడియోతో నడిచే వాళ్ళ టీ-మాక్స్ బుల్లి ట్రక్కులు మా తెలుగు పిల్లల చేతుల్లో కూడా కనిపించేవి. మీట నొక్కితే స్టార్టయ్యే ఇంజన్లు. అయినా మిశ్రమం సరిచేయడం మీటతో కాదుగా. అపార్ట్‌మెంట్ వెనక ఆగిపోయిన ట్రక్కు చుట్టూ పిల్లలు మూగితే నేను దిగేవాణ్ణి. ఇంజన్ తల మీద నీటి చుక్క వేస్తే మూడు నాలుగు సెకన్లలో చిటపటలాడి ఆవిరవ్వాలి, పడగానే ఎగిరిపోతే వేడెక్కువ, అలాగే కూర్చుంటే మందు ఎక్కువ. అలా చూపించి, తర్వాత కళ్ళు మూసుకోమనేవాణ్ణి. వాళ్ళ ఇంధనంలో సింథటిక్ నూనె ఎక్కువ, ఆముదం కొద్దిగానే. పొగలో ఆ వాసన పట్టుకోవడానికి నేను కాస్త దగ్గరగా వంగాల్సి వచ్చేది.

ఇప్పుడు ఎక్కడ చూసినా లిథియం బ్యాటరీలు, బ్రష్‌లెస్ మోటార్లు. శుభ్రంగా, నమ్మకంగా ఎగురుతాయి, నేనూ ఎగరేస్తాను. కానీ మన ఊళ్ళలో, ఒకప్పటి కేడెట్ల ఇళ్ళలో, అటక మీది రేకుపెట్టెల్లో ఆ పాత ఇంజన్లు ఇంకా ఉన్నాయి. వాటిలో చాలామటుకు ప్రొపెల్లర్ కదలదు. చెడిపోయిందని తూకానికి వేసేయకండి. ఆముదం ఏళ్ళ తరబడి ఉంటే జిగురై గట్టిపడుతుంది, అంతే. దాన్ని బలంగా తిప్పొద్దు, పటకారు పెట్టొద్దు. ప్లగ్గు తీసి, హెయిర్ డ్రయర్‌తో తలా క్రాంక్‌కేసూ బాగా వేడెక్కేదాకా వేడిగాలి పట్టించండి. ఆ రంధ్రంలోంచి పలుచటి నూనె కొన్ని చుక్కలు వేసి, మళ్ళీ వేడి చేసి, ప్రొపెల్లర్‌ని వేళ్ళతో అటూ ఇటూ మెల్లగా ఆడించండి. జిగురు కరిగాక పిస్టన్ కదులుతుంది. ప్లగ్గు బిగించి తిప్పితే కంప్రెషన్ చేతికి తగులుతుంది. బేరింగులు గరగరమంటే అవి తుప్పు పట్టినట్టు. మార్చుకోవచ్చు, సైజు చూసి అడిగితే బేరింగుల కొట్లో దొరుకుతాయి. ఒకవేళ ఆ ఇంజన్ నడిపితే, రోజు చివర గొట్టం ఊడదీసి మిగిలిన ఇంధనం మొత్తం మండేదాకా ఉంచి, ఆగాక లోపల కాస్త పలుచటి నూనె పోసి నాలుగు చుట్లు తిప్పి పెట్టండి. మిథనాల్ లోపల మిగలకూడదు.

హైదరాబాద్ చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా అలాంటిది ఉండి, వేడి చేసినా కదలకపోతే నాకు రాయండి. సెలవు రోజుల్లో నేను ఇంట్లోనే ఉంటాను. వచ్చేటప్పుడు కొత్త ప్లగ్గు ఒకటి తెచ్చుకుంటే చాలు, ఆముదం మా ఇంట్లో ఉంది.